అచల సంప్రదాయం

తెలుగునాట, ముఖ్యంగా తెలంగాణ పల్లెల్లో వ్యాపించిన గురుశిష్య మార్గం. శివరామ దీక్షితులను ఆదిగురువుగా భావిస్తారు. ఆయన బోధకు ఆధారం 'బృహద్వాసిష్ఠం' అనే గ్రంథం. భాగవత కృష్ణదేశికుల 'శుద్ధ నిర్గుణ తత్త్వ కందార్థములు' అచలులు ఎక్కువగా పాడుకునే గ్రంథం.

కదలనిది, మార్పులేనిది అయిన పరిపూర్ణమే సత్యమని, దానికే 'బయలు' అని పేరని వీరి సిద్ధాంతం. నేనున్నాననే 'ఎరుక' నిజానికి లేకున్నా ఉన్నట్టు తోచేదట. విగ్రహారాధన, తీర్థయాత్రలు, పునర్జన్మ వీరికి పట్టవు. ఈ తెగింపు అద్వైతులకు సైతం మింగుడుపడలేదు.

మార్గంలోని గుట్టంతా బోధలోనే ఉంది. ద్వాదశి, షోడశి వంటి మంత్రాలను గురువు శిష్యుడికి ఏకాంతంలో ఉపదేశిస్తాడు. బయటివారికి చెప్పడం నిషిద్ధం. అందుకే దీని గురించి లోకంలో అపోహలూ ఎక్కువే. అయితే రహస్యమంటే కులీనుల సొత్తు అనుకోవద్దు. చేతివృత్తులవారు, దళితులు, స్త్రీలు ఇందులో గురువులయ్యారు. దీని అసలు ఘనత అదే. హైదరాబాద్‌లో ఆది హిందూ దళిత ఉద్యమ నాయకుడు అరిగె రామస్వామి మీదా అచల ప్రభావం ఉంది.

కరీంనగర్ ప్రాంతంతో సహా పలుచోట్ల గురువుల సమాధుల వద్ద ఆరాధనోత్సవాలు, తత్త్వాల భజనలు నేటికీ జరుగుతున్నాయి.