నీలగిరి తైలం ఎంత పాతది?

చలికాలం వచ్చింది కదా, మా గుడి వంటగదిలో అందరం తుమ్ముతున్నాం. ఒకరు మిరియాల చారు తాగమంటారు, ఇంకొకరు ఆవిరి పట్టమంటారు. ఇక్కడ పుట్టిన పిల్లలు, "ఇవన్నీ వేల ఏళ్ళ నాటివేనా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అన్నిటి వయసూ ఒకటి కాదు.

ముందు మూడు మాటలు నేర్చుకుందాం. జలుబునే పడిశం అని కూడా అంటారు. ముక్కు మూసుకుపోతే అది ముక్కుదిబ్బడ. వేడినీళ్ళ గిన్నె మీద తల వంచి, దుప్పటి కప్పుకుని పీల్చడం ఆవిరి పట్టడం.

శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు నిజంగా చాలా పాతవి. ఈ మూడూ కలిపితే ఆయుర్వేదంలో త్రికటు అంటారు. ముక్కులో మందు వేయడం పేరు నస్యం. అది చరక సంహితలోనే ఉంది. మిరపకాయ మాత్రం అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది. అంతకు ముందు చారుకి ఘాటు మిరియాలే ఇచ్చేవి.

మరి నీలగిరి తైలం? పేరు వింటే మన కొండల చెట్టే అనిపిస్తుంది. కానీ యూకలిప్టస్ ఆస్ట్రేలియా చెట్టు. 1843లో ఇంగ్లీషు వాళ్ళు దాన్ని నీలగిరి కొండల మీద నాటారు. తరువాత ఊటీ ప్రాంతంలో వంటచెరకు కోసం బాగా పెంచారు. ఆ ఆకుల నూనెకి మనవాళ్ళు కొండల పేరే పెట్టుకున్నారు.

అమృతాంజనం ఇంకా చిన్నది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల దగ్గర ఉచితంగా పంచేవారట. ఆ వ్యాపారం డబ్బుతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికను ప్రారంభించారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. అంటే మన అమ్మమ్మలు నుదుటికి రాసుకున్న ఆ పసుపుపచ్చ మందు తెలుగు చదువుకి కూడా సాయం చేసింది! తెలుగు నేర్చుకునే మనం ఇది తెలుసుకోవాలి.

ఇవి ఎలా పనిచేస్తాయి? మెంథాల్ ముక్కుని నిజంగా తెరవదు. ముక్కులోని చల్లదనం తెలిసే నరాలను తాకుతుంది, అందుకే గాలి బాగా ఆడినట్టు ఉంటుంది. హాయి నిజమే, కానీ జబ్బు తగ్గినట్టు కాదు.

పాతది కాబట్టి ప్రమాదం లేదు అనుకోకండి. పిల్లలకి మరిగే నీళ్ళతో ఆవిరి పట్టించవద్దు, గిన్నె ఒలికి ఒళ్ళు కాలుతుంది. గుడిలో వెలిగించే హారతి కర్పూరం నోట్లో పెట్టుకోకూడదు. కొంచెం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ రావచ్చు. జలనేతికి కుళాయి నీళ్ళు అలాగే వాడవద్దు. 2011లో లూసియానాలో అలా వాడిన ఇద్దరు, నీళ్ళలోని అమీబా మెదడుకి చేరి చనిపోయారు. నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చి వాడాలి. పది రోజులైనా తగ్గకపోతే, లేదా జ్వరం ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి: "మీ చిన్నప్పుడు పడిశం పడితే ఏం చేసేవారు?" వాళ్ళు చెప్పింది తెలుగులోనే రాసి పెట్టుకోండి.