పంకా తాడుకు అవతల

కచేరీల చరిత్ర అంటే కలెక్టర్ల చరిత్ర, దస్తరాల చరిత్ర అనే మనకు నేర్పారు. కరెంటు లేని కాలంలో, మే నెల ఎండలో, ఆ దస్తరాలు రాసిన దొరలూ గుమాస్తాలూ ఉక్కపోతను ఎలా తట్టుకున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే గోడ అవతల కూచున్న మనిషి గురించి చెప్పాల్సి వస్తుంది. ఆ మనిషి మా ఇంటివాడు. మా నాయనమ్మ వాళ్ల నాయన ఒక తాలూకా కచేరీలో ఎండాకాలమంతా పంకా లాగేవాడు. యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లలో మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్న అడగడం నా వంతయింది.

పంకా అంటే ఇవాళ్టి ఫ్యాను కాదు. పొడవాటి కర్రచట్రానికి గుడ్డ కట్టి దూలానికి వేలాడదీసేవారు. దానికి కట్టిన తాడు కప్పీ మీదుగా, గోడకున్న చిల్లు గుండా వరండాలోకి వచ్చేది. అక్కడ నేలమీద కూచున్న కూలి గంటల తరబడి దాన్ని లాగుతూ వదులుతూ ఉండాలి. చెయ్యి గుంజితే కాలివేలికి కట్టుకుని లాగేవాళ్లు. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టేవారు. వాటిమీద నీళ్లు చల్లుతుంటే వడగాలి కూడా చల్లబడి, సువాసనతో లోపలికి వచ్చేది. ఆ నీళ్లు మోయడానికి మరో మనిషి. పెద్ద దొరలకు ఇదీ చాలలేదు. 1864 నుంచి భారత ప్రభుత్వం వేసవికి సిమ్లా కొండెక్కింది, మద్రాసు ప్రభుత్వం ఊటీకి పోయింది. మైదానంలో మిగిలిన చిన్న కచేరీలకు పంకా కూలే దిక్కు.

పంకా లాగినవాళ్లందరూ దళితులేనని నేననడం లేదు. పేద శూద్రులున్నారు, ముస్లింలున్నారు. కానీ ఆ తాడు నిర్మాణాన్ని కులం కళ్లతో చూడాలి. తాడు పొడుగ్గా ఉండబట్టే మనిషిని బయట ఉంచి, అతని కష్టాన్ని మాత్రం లోపలికి తెచ్చుకోవడం వీలైంది. అతని చేతి నీళ్లు మైల. మరి అదే చెయ్యి పంపిన గాలి? గాలికి మైల అంటదట! అంటరానితనం ఎక్కడ పాటించాలో, ఎక్కడ మరిచిపోవాలో సుఖపడేవాడే నిర్ణయించుకున్నాడు.

ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో అచ్చయిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలలో కోర్టు పంకా లాగేవాణ్ణి అంటరాని కులాల మనిషిగానే చూపిస్తాడు. విచారణ ముగిసి అందరూ వెళ్లిపోయాక కూడా అతను ఖాళీ గదిలో పంకా లాగుతూనే ఉంటాడు. రచయిత అతని ఒంటిని మెచ్చుకున్నాడే గాని, అతనికి ఒక్క మాటైనా ఇవ్వలేదు.

లోపలికి వెళ్లగలిగినవాడి గతి ఏమయింది? కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, బంట్రోతులు ఫైళ్లు బల్లమీదికి విసిరేవారు, ఆఫీసులో తాగడానికి నీళ్లు కూడా దొరకలేదని జీవితచరిత్రకారులు రాశారు. కుర్చీ దొరికింది, నీళ్లు దొరకలేదు. ఆఫీసులో సౌకర్యం అనే మాటకు మన చరిత్రలో అర్థం ఇది.

పంకా ఆగితే దెబ్బలు. పంకా కూలి కునుకు తీస్తే దొర లేచి తన్నేవాడు. అట్లా తన్నులు తిని పంకా కూలీలు చచ్చిపోయిన కేసులు 19వ శతాబ్దంలో కోర్టులకెక్కాయి. మలేరియాతో ఉబ్బిన ప్లీహం పగిలి చచ్చాడు, దెబ్బ చిన్నదే అని తేల్చి, చాలామంది దొరల్ని జుల్మానాతో వదిలేశారు. నేరం ప్లీహానిదన్నమాట!

లెక్కల పుస్తకం ఇంకో సంగతి చెబుతుంది. ఎండాకాలం పంకా కూలి పర్మనెంటు సిబ్బంది కాదు, కంటింజెంట్ ఖర్చు. తడికలూ తాడూ ఏ పద్దులోనో, మనిషీ ఆ పద్దులోనే. ‘హాట్ అండ్ కోల్డ్ వెదర్ చార్జెస్’ అనే ఆ పద్దు 1978 నాటి కేంద్ర ఆర్థికాధికారాల నిబంధనల్లోనూ ఉంది. జీతాల పట్టీలో లేనివాడికి సర్వీసు లేదు, పెన్షన్ లేదు, చాలాసార్లు పేరు కూడా లేదు. 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 212 జీవో ఇచ్చి, 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేసిన రోజుకూలీలను పర్మనెంటు చేయవచ్చంది. ఏటా నాలుగు నెలలే పనిచేసే ఎండాకాలం మనిషికి ఎడతెగని ఐదేళ్లు ఎప్పటికి నిండాలి?

కరెంటు ఫ్యాను వచ్చి పంకా పోయింది. దాంతో లోపలివాళ్లకు చల్లదనం నిలిచింది, బయటివాళ్లకు ఆ కూలీ కూడా పోయింది. గోడ మాత్రం పోలేదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవాళ్లే. ఎండలో పనిచేసే కూలీలూ ముసలివాళ్లే ఎక్కువగా రాలిపోయారు. ఏసీ మిషను వేడిగాలిని ఏ వైపుకు వదులుతుందో, అక్కడే ఇవాళ్టి కాపలాదారు కుర్చీ ఉంటుంది.

“మా నాయన అరచేతులు తాడులాగానే ఉండేవి” అనేది మా నాయనమ్మ. ఏ దస్తరంలోనూ ఆయన పేరు నాకింకా దొరకలేదు. దొరకదేమో. కానీ కచేరీల చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా గోడకున్న ఆ చిల్లు దగ్గర ఆగాలి. తాడు పట్టుకుని అవతలికి నడవాలి.