పాత వాల్వు యంత్రములు – వాని చరిత్ర, చికిత్స

పంచారామములలో ఒకటియగు క్షీరారామమువలన పాలకొల్లు ప్రసిద్ధి చెందినది. నాటకములకును ఆ ఊరు పేరు పడినది. రంగస్థలమునుండి చలనచిత్రములకు వెళ్ళిన అల్లు రామలింగయ్య (1922–2004) అక్కడివారే. ఒకప్పుడు నటుని గొంతు పందిరి చివర కూర్చున్నవానికి వినబడుట అతని ఊపిరితిత్తుల బలముపై ఆధారపడి యుండెను. తరువాతి కాలమున ఆ భారమును ఒక గాజుబుడ్డి మోసినది. దానినే జనులు వాల్వు అనిరి. పెండ్లిపందిట మైకుసెట్టులోను, ఇంటిలోని రేడియోలోను పనిచేసినది అదియే.

ఈనాడు ఆ యంత్రములు అటకలపై మూగపడి యున్నవి. వానిని మరల పలికింపగోరువారు మొదట వాని చరిత్రను తెలిసికొనుట మంచిది. ఏ భాగము ఏ అవసరమునకు పుట్టినదో ఎరిగినవానికి అది ఎట్లు చెడునో ఊహించుట సులభము.

1883లో ఎడిసన్ తన విద్యుద్దీపములో ఒక వింతను గమనించెను. బుడ్డిలో మరియొక లోహపు పలకను అమర్చి, దానికి ధన విద్యుత్తునిచ్చినచో, మధ్య తీగ ఏదియు లేకున్నను విద్యుత్తు ప్రవహించినది. కారణ మప్పటికి తెలియదు. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్న పిదప రహస్యము విడిపోయినది: కాగిన లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడి ధనపలకను చేరుచున్నవి. 1904లో ఫ్లెమింగ్ దీని నాధారముగా గొని, విద్యుత్తును ఒకే దిక్కునకు పోనిచ్చు వాల్వును చేసెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెంటి మధ్య సన్నని తీగ నొకదానిని చేర్చెను. దానికి గ్రిడ్డు అని పేరు. పంటకాలువకు తూము తలుపెట్టిదో, ఎలక్ట్రానుల ప్రవాహమునకు గ్రిడ్డు అట్టిది. తలుపును కొద్దిగా కదల్చుటకు పట్టు శక్తి అల్పము. దానివలన మారు ప్రవాహము పెద్దది. స్వల్ప సంకేతమును పెద్దది చేయు యాంప్లిఫయరు ఈ విధముగా పుట్టినది.

మన దేశమున ఆకాశవాణి చరిత్ర పెరిగిన దీ వాల్వులతోనే. 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు సాగించెను. ధనలోపముచే అవి 1927లో ఆగిపోగా, 1930లో మదరాసు కార్పొరేషను ఆ పనికి పూనుకొనెను. 1938 జూన్ 16న మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైనవి. ఈ రెండవదానితో గోదావరి, కృష్ణా మండలములకు చేరువలోనే ఒక తెలుగు గొంతుక ఏర్పడినది.

కాని వినుటకు విద్యుత్తు కావలయును గదా! కరెంటు లేని గ్రామములకు బ్యాటరీ సెట్లు వచ్చెను. వానిలో 1.4 వోల్టులకే వేడెక్కు సన్నని తంతువుల వాల్వులును, పలకల కొరకు 90 వోల్టుల పొడి బ్యాటరీయు నుండెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన పిమ్మట కోస్తా జిల్లాలకు విద్యుత్తు క్రమముగా విస్తరించినది. 1954లో స్థాపింపబడిన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొనెను. ఇ.ఎల్. 84 అను వాల్వు కూడ అక్కడ తయారైనది.

ఈ ఇ.ఎల్. 84కు మరియొక చరిత్ర గలదు. మన ఇండ్లలో రేడియో పాటలు పలికించిన ఈ జాతి వాల్వే ఇంగ్లండులో వాక్స్ ఏ.సి. 30 అను గిటారు యాంప్లిఫయరులో నాలుగు చొప్పున అమర్చబడినది. గిటారు యాంప్లిఫయరులకు పేరుమోసిన లియో ఫెండరు కూడ మొదట రేడియోలు బాగుచేయువాడే. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున ఒక రేడియో దుకాణము పెట్టెను. ఆయన కంపెనీ 1946లో ఏర్పడినది. రేడియోలో దోషమనబడునది గిటారువాద్యమున గుణమైన దనుట గమనింపదగినది. శక్తికి మించి సంకేతమునిచ్చినప్పుడు వాల్వు తరంగముల శిఖరములను గుండ్రముగా నణచును. ఆ గరుకు నాదమునే వాద్యకారులు కోరుకొనిరి. అందువలననే 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు రేడియోలనుండి వాల్వును తరిమివేసినను, గిటారు యాంప్లిఫయరునుండి తరుమలేకపోయినది. నేటికిని రష్యా, స్లొవేకియా, చైనా దేశములలో వాల్వులు తయారగుచున్నవి. పాత యంత్రమును బాగుచేయగోరువానికి ఇది శుభవార్త.

ఇక చికిత్స. సెట్టు దుమ్ము దులిపి వెంటనే ప్లగ్గు పెట్టుట చాలమంది చేయు పని. పలుమారులు యంత్రము చచ్చునది ఆ క్షణముననే. నలువది ఏండ్లు పనిలేకయున్న ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులో అల్యూమినియము పలకపై నుండవలసిన ఆక్సైడు పొర క్షీణించి యుండును. దానిపై ఒక్కసారిగా 300 వోల్టులు పడినచో అది షార్టయి రెక్టిఫయరు వాల్వును, ట్రాన్స్‌ఫార్మరును కాల్చును. వాల్వు కొత్తది కొనవచ్చును. ఆ సెట్టుకు సరిపడు ట్రాన్స్‌ఫార్మరు దొరకుట కష్టము. కనుక అనుభవజ్ఞులు పాత తంతుబల్బు నొకదానిని, 60 లేక 100 వాట్లది, సెట్టుతో సీరీసులో పెట్టుదురు. బల్బు క్షణకాలము వెలిగి మందగించినచో మంచిది. నిండు కాంతితో వెలుగుచునే యున్నచో లోపల ఎక్కడనో షార్టు కలదు; సెట్టు మాత్రము దెబ్బ తినలేదు.

చేలకు నీరందనప్పుడు డెల్టా రైతు కాలువ నంతటిని తవ్వడు. ఏ తూమువరకు నీరు వచ్చినదో చూచుకొనుచు పోవును. మూగసెట్టును పరీక్షించు పద్ధతియు నిదియే. మొదట పలకల వోల్టులు కొలువవలెను. అవి సరిగా నున్నచో స్పీకరువైపునుండి వెనుకకు నడుచుచు, ఒక్కొక్క వాల్వు గ్రిడ్డుకు చిన్న సంకేతము నిచ్చి వినవలెను. చివరి వాల్వువద్ద ఇచ్చినది వినబడి, దాని ముందరి వాల్వువద్ద ఇచ్చినది వినబడనిచో, దోషము ఆ రెంటి నడుమనే యుండును.

హుంకారము చేయు సెట్టు విషయమున చెవియే మంచి సాధనము. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములది. పూర్తి తరంగ రెక్టిఫయరు దానిని 100గా మార్చును. కనుక 100 ఆవర్తనముల రొద వచ్చినచో ఫిల్టరు కండెన్సరులు ఎండిపోయిన వనుకొనవచ్చును. 50 ఆవర్తనముల రొద వచ్చినచో హీటరునుండి కాథోడునకు లీకు గాని, భూసంబంధమున లోపము గాని కారణము కావచ్చును. ఈ రెండు రొదలకు గల భేదము మంద్ర షడ్జమునకు మధ్య షడ్జమునకు గల భేదమే; సంగీతజ్ఞానము కలవాడు మీటరు లేకయే గుర్తింపగలడు.

డెల్టావంటి తడిగాలి ప్రాంతమున ముఖ్య శత్రువు కాగితపు కండెన్సరు. మైనముతో మూసినను ఏండ్లు గడచిన కొలది కాగితము తేమను పీల్చును. మొదటి వాల్వు పలకనుండి చివరి వాల్వు గ్రిడ్డుకు సంకేతమును చేర్చు కండెన్సరును ఉదాహరణముగా తీసికొందము. దానికి ఒకవైపు 100 వోల్టులు, రెండవవైపు 4,70,000 ఓముల నిరోధకము గలవనుకొందము. కండెన్సరు లీకు నిరోధము 4 కోట్ల 70 లక్షల ఓములకు తగ్గిననే చాలును, గ్రిడ్డుపై దాదాపు ఒక వోల్టు ధనవిద్యుత్తు చేరును. అంతటి నిరోధమును సాధారణ మీటరు పట్టుకొనలేదు; కండెన్సరు బాగున్నట్లే కనబడును.

కాని కాథోడు దానిని చెప్పును. ఇ.ఎల్. 84 వాల్వు 250 వోల్టులవద్ద పలకకు 48, స్క్రీను గ్రిడ్డుకు 5.5 మిల్లీ యాంపియర్లు తీసికొనును. ఈ మొత్తము 135 ఓముల కాథోడు నిరోధకము గుండా పోవునప్పుడు దానిపై సుమారు 7.2 వోల్టు లుండవలెను. అచ్చట 10 వోల్టులు కనబడినచో ప్రవాహము 74 మిల్లీ యాంపియర్లకు పెరిగినదన్నమాట. పలకకు తయారీదారు విధించిన గరిష్ఠ పరిమితి 12 వాట్లు మాత్రమే. అది మీరినప్పుడు పలక ఎఱ్ఱబడి, కొలది కాలమునకే వాల్వు నశించును. ఇట్టి సందర్భమున వాల్వును మార్చుట రోగమును విడిచి రోగిని మార్చుట వంటిది. అనుమానమున్న కండెన్సరును గ్రిడ్డువైపు విప్పి మరల కొలిచినచో, కాథోడు వోల్టులు తగ్గుటయో తగ్గకుండుటయో దోష మెచ్చటిదో తేల్చును.

ప్రాణభయమును మరువరాదు. సెట్టును ఆపి ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సరులో 300 వోల్టులు నిలిచి యుండవచ్చును. దానిని ఒక నిరోధకము ద్వారా ఖాళీ చేసి, మీటరుతో నిర్ధారించుకొనిన పిదపనే చేయి పెట్టవలెను. ఏ.సి., డి.సి. రెంటితోను పనిచేయు సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఇనుపచట్టమే మెయిన్సు తీగకు కలిసియుండును. అట్టివానిని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ తెరువరాదు. వీనిలో హీటరులన్నియు పూలదండవలె ఒకే వరుసలో నుండును గనుక, ఒక్క వాల్వు తంతువు తెగినచో అన్నియు ఆరిపోవును. అన్నియు చెడినవని భ్రమపడి సెట్టునే పారవేసినవారు లేకపోలేదు.

చరిత్రను ప్రేమించువాడు మరమ్మతులో ఒక నియమము పాటింపవలసి యున్నది. ప్రమాదకరమైన భాగములను మార్చక తప్పదు. కాని తీసిన వానిని ఒక సంచిలో వేసి సెట్టుతోనే ఉంచవలెను. ఏ తేదీన ఏ భాగము మార్చబడెనో, మార్చకముందు వోల్టులెన్ని, తరువాత ఎన్ని అనునది కాగితముపై వ్రాసి పెట్టెలో అతికింపవలెను. రేడియో కంపెనీల పటములు పెక్కు నశించినవి. చెవితో హుంకారమును గుర్తించి, వాసనతో కాలిన నిరోధకమును పట్టగల పాతతరము పనివారు వృద్ధులగుచున్నారు. వారి విద్య చాలవరకు పుస్తకముల కెక్కలేదు. కళాశాలలలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థి ఓము సూత్రమును పరీక్షకొరకు నేర్చును. అట్టి పనివాని ప్రక్కన ఒక సెలవుదినము కూర్చుండి, అతడు చెప్పినది వ్రాసికొని, ఆ కాథోడు నిరోధకముపై తానే కొలిచి చూచినచో, ఆ సూత్రము అతనికి స్వంతమగును. ఆ పనివాని విద్యయు నిలుచును.