గ్రాంటు డబ్బు: అర్జీకి ముందు ఏం కావాలి, డబ్బు వచ్చాక ఏం చేయాలి

బస్తీలో ఆడపిల్లలకు కుట్టు శిక్షణ కేంద్రం పెట్టాలి, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ నడపాలి. ఇలాంటి ఆలోచన వస్తే మస్జిద్ కమిటీలోనో, యువకుల సంఘంలోనో మొదట వినిపించే మాట "చందా వేద్దాం". చందాతో ఆరు నెలలు నడుస్తుంది. తర్వాత అద్దె, టీచర్ జీతం దగ్గర ఆగిపోతుంది. అప్పుడు గ్రాంటు మాట వస్తుంది. "సర్కారులో మైనారిటీలకు బోలెడు నిధులున్నాయంట, ఒక అర్జీ పెడితే చాలు" అని ఎవరో ఒకరు చెబుతారు. ఇందులో సగమే నిజం.

ఎక్కువ మంది పొరబడేది ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్ విషయంలో. 2008-09లో 90 జిల్లాల్లో మొదలైన బహుళ రంగాల అభివృద్ధి పథకానికే 2018లో ఈ పేరు పెట్టారు. స్కూలు భవనాలు, హాస్టళ్లు, ఐటీఐలు, ఆరోగ్య కేంద్రాలు ఈ డబ్బుతో కడతారు. మన రాష్ట్రాల్లో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. అయితే ఈ డబ్బు ఏ సొసైటీ ఖాతాలోకీ రాదు. ప్రతిపాదన జిల్లా కమిటీ నుంచి రాష్ట్ర కమిటీకి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్తుంది. కట్టేది ప్రభుత్వ శాఖే. మరి బస్తీ సంఘం చేయగలిగేది ఏమిటి? మా వాడలో హైస్కూలు ఎంత దూరం, ఎంతమంది ఆడపిల్లలు ఏడో తరగతితో ఆపేశారు, ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం ఎక్కడుంది అని ఇంటింటి వివరాలతో జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి రాసివ్వడం. ఉత్త వినతిపత్రం కన్నా ఇలాంటి కాగితానికి విలువ ఎక్కువ.

సంస్థ చేతికే డబ్బు రావాలంటే ఉన్న దారుల్లో పెద్దది కంపెనీల సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. అందుకే దూరంగా ఉన్న పెద్ద పేరు వెంట పడే ముందు, మన ఊరి దగ్గరి ఫ్యాక్టరీ ఎవరిదో చూసుకోవడం మంచిది. చదువు, ఆరోగ్యం, వృత్తి శిక్షణ సీఎస్ఆర్ జాబితాలో ఉన్నాయి. కొత్త మస్జిద్ నిర్మాణం అందులో లేదు, అడిగి లాభం లేదు.

కాగితాల దగ్గరే చాలా సంఘాలు వెనకబడతాయి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తర్వాత సంస్థ పేరు మీద పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, జనం 12ఎ, 80జి అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు, కేంద్రం నిధులకైతే ఎన్జీవో దర్పణ్ నంబరు. కంపెనీ తరఫున పని చేయాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 నమోదు కూడా తప్పనిసరి. బయటి సంస్థకైతే మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. అంటే ఈ రోజు పుట్టిన సొసైటీకి రేపే సీఎస్ఆర్ రాదు. ఆ మూడేళ్లూ చందాతో నడిపిన చిన్న పనికే రసీదులు, ఆడిట్, మీటింగు తీర్మానాలు సరిగ్గా పెట్టుకుంటే అదే రేపటి అర్హత. "గ్రాంటు ఇప్పిస్తాం, పది శాతం ముందు ఇవ్వండి" అనే దళారులు కూడా తిరుగుతుంటారు. దగ్గరికి రానివ్వకండి.

ఇక బడ్జెట్. ఒక కుట్టు కేంద్రానికి ఏడాదికి 5 లక్షలు అడిగారనుకుందాం. అద్దె నెలకు 10,000 చొప్పున 1,20,000. ఇద్దరు టీచర్లకు తలా 8,000 చొప్పున 1,92,000. పది మిషన్లు 90,000. బట్ట, దారం 48,000. కరెంటు, మరమ్మతులు 30,000. ఆడిట్ ఫీజు 20,000. మొత్తం సరిగ్గా 5 లక్షలు. డబ్బు వచ్చింది. బేరమాడితే మిషన్లు 75,000కే దొరికాయి, 15,000 మిగిలింది. రంజాన్ దగ్గరపడింది, కమిటీ పెద్దలు ఆ మిగులును ఇఫ్తార్‌కు వాడేశారు. ఎవరి జేబులోకీ పోలేదు, నలుగురూ తిన్నారు. కానీ ఆడిట్‌లో ఇది దారి మళ్లించిన డబ్బే. రెండో విడత ఆగుతుంది, టీచర్లకు జీతం ఆగుతుంది, నడుమ కోర్సు ఆగిపోయేది ఆ పిల్లలకే. ఆ 15,000 దారానికి మార్చుకోవాలన్నా ముందు దాతకు రాసి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

జకాత్‌తో పోల్చి చూస్తే ఈ సంగతి మనవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. జకాత్ ఎవరికి చెందుతుందో సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలు చెప్పి ఉన్నాయి, మనకు నచ్చినట్టు మార్చలేం. గ్రాంటుకూ ఒప్పందంలో రాసిన పద్దులే హద్దు. జకాత్, చందా, గ్రాంటు మూడింటికీ మూడు రిజిస్టర్లు ఉండాలి. వీలైతే గ్రాంటుకు బ్యాంకు ఖాతా కూడా వేరే ఉండాలి.

కేంద్ర ప్రభుత్వ గ్రాంటైతే వినియోగ ధ్రువపత్రం, అందరూ యూసీ అనేది, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ముందు విడత లెక్క తేలకుండా తర్వాతి విడత కదలడం కష్టం. ఖాతాలో పడి ఉన్నప్పుడు వచ్చిన బ్యాంకు వడ్డీ కూడా సంస్థది కాదు, సర్కారుదే. ఇది తెలియక వడ్డీతో కుర్చీలు కొన్నా తర్వాత ఆ సొమ్ము తిరిగి కట్టాల్సిందే. బిల్లు మీద సంస్థ పేరు, తేదీ, వోచర్ నంబరు ఉండాలి. ఖజాంచి ఊరెళ్లినా రెండో మనిషికి ఫైలు ఎక్కడుందో తెలియాలి.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి బంధువులు పంపే డబ్బు సంగతి వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని సంస్థ తీసుకోకూడదు. నమోదు ఉన్నా ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి రసీదు రాసే ముందే పంపినవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి, కాపీ ఫైల్లో పెట్టుకోవాలి.