అవగుంఠన వివాదము: పుట్టుపూర్వోత్తరములు

స్త్రీలు ముసుగు వేసికొనుట అతిప్రాచీనమైన ఆచారమే గాని, ఆ ముసుగు ఒక జాతి నాగరకతకు ప్రమాణముగా, ఒక మతమును దోషిగా నిలుపుటకు సాక్ష్యముగా, ఒక సామ్రాజ్యము తన పాలనను సమర్థించుకొనుటకు ఆధారముగా మారుట మాత్రము 19వ శతాబ్ది చివరి దశకములలో, ప్రధానముగా నైలునదీతీరమున సంభవించిన పరిణామము.

అస్సూరు నగర శిథిలములలో లభించిన మట్టిపలకలపై క్రీ.పూ. 12, 11 శతాబ్దుల నాటి అస్సీరియా శాసనములు గలవు. స్వతంత్రుల భార్యలును కుమార్తెలును వీథిలోనికి వచ్చునపుడు శిరస్సు కప్పుకొనవలెననియు, వేశ్యయు దాసియు కప్పుకొనరాదనియు, ఆజ్ఞ మీరిన వేశ్యకు 50 దెబ్బలు కొట్టి నెత్తిపై తారు పోయవలెననియు అవి విధించినవి. ఏ స్త్రీ యొక పురుషుని రక్షణలో నున్నదో, ఏ స్త్రీకి ఆ రక్షణ లేదో దారినపోవువానికి తెలియజేయుటయే ఆనాడు ముసుగునకు గల ప్రయోజనము. తరువాతి కాలమున బైజాంటియపు క్రైస్తవ గృహములలోను పారసీక ప్రభువుల అంతఃపురములలోను అది కులీనతాచిహ్నముగనే కొనసాగినది. గోదావరి మండలములలోని రాజుల లోగిళ్లలో ఘోషా పాటించిన హిందూస్త్రీలను ఎరిగిన తెలుగువారికి, విశాఖపట్టణపు స్త్రీల ఆసుపత్రిని ఘోషాసుపత్రి యని పిలిచెడివారికి, ఈ సంగతి కొత్తగా తోపదు. ఖురాను 24వ సూరాలో మొదట పురుషులను చూపు దించుకొనుడని ఆదేశించి, పిమ్మట స్త్రీలను తలగుడ్డను వక్షముపైకి దించుకొనుడని చెప్పినది. ముఖము కప్పుట విధియా కాదా యను విషయమున ధర్మశాస్త్రజ్ఞులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.

పూర్వపు ఐరోపావాసులందరును ముసుగును బానిసత్వముగనే చూచిరనుటయు సత్యము గాదు. 1717లో ఇస్తాంబులు చేరిన ఆంగ్ల రాయబారి భార్య మేరీ మాంటేగు, తురుష్క స్త్రీ ముసుగు మాటున ఎవరికిని ఆనవాలు చిక్కక యథేచ్ఛగా సంచరింపగలదనియు, తన ధనమును తన చేతిలోనే యుంచుకొనుననియు స్వదేశమునకు వ్రాసెను. వివాహిత తన ఆస్తికి తానే స్వామినియగు శాసనము ఇంగ్లండులో 1882లో గాని రాలేదు; ఆ సంవత్సరముననే ఆంగ్లసేనలు ఈజిప్టును ఆక్రమించినవి.

1883 మొదలు 1907 వరకు ఆంగ్ల ప్రతినిధిగా ఆ దేశమును ఏలిన క్రోమర్ ప్రభువు, 1908లో ప్రకటించిన తన బృహద్గ్రంథమున, ఇస్లాము స్త్రీని హీనపరచుటయు, ముసుగును అంతఃపురవాసమును విధించుటయు ఈజిప్టు ప్రజల అభ్యుదయమునకు ప్రాణాంతకమగు ప్రతిబంధకములని తీర్పు చెప్పెను. ఇట్లు చెప్పిన పాలకుడు చేసినదేమి? బడిజీతములు విధించి బాలికల చదువునకు అడ్డుపడెను. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ కాలమున 1832లో స్థాపితమై, స్త్రీలకు వైద్యవిద్య గరపుచుండిన పాఠశాలను మంత్రసానిపని నేర్పుటకు పరిమితము గావించెను. స్వదేశమునకు మరలిన పిమ్మట, ఆంగ్లస్త్రీలకు ఓటుహక్కు కూడదని 1910లో ఏర్పడిన జాతీయసంఘమునకు అధ్యక్షుడయ్యెను. తన యింటిలో ఎదిరించిన స్త్రీస్వాతంత్ర్యమును పరాయి దేశమున ఆయుధముగా ధరించిన ఈ రాజనీతియే తరువాతి వివాదమునంతను విషపూరితము చేసినదని నా దృఢవిశ్వాసము.

దాని ప్రభావము దేశీయుల రచనలయందే కనబడును. ఫ్రాన్సులో న్యాయశాస్త్రమభ్యసించిన ఖాసిం అమీన్, ఈజిప్టును నిందించిన యొక ఫ్రెంచి ప్రభువునకు ప్రత్యుత్తరముగా 1894లో ముసుగును సమర్థించెను. ఐదేండ్లు గడచునప్పటికి, 1899లో, "స్త్రీవిమోచనము" అను గ్రంథమున, ముఖము కప్పుట మతవిధి గాదనియు, స్త్రీకి విద్య కావలెననియు, బహుభార్యాత్వమును విచ్చలవిడి విడాకులను అదుపుచేయవలెననియు వాదించెను. ఆయన కోరికలు న్యాయమైనవే. కాని స్వదేశ స్త్రీలను గూర్చి ఆయన పలికిన పరుషవాక్యములలో పాశ్చాత్య విమర్శకుల కంఠధ్వని స్పష్టముగా వినవచ్చును. తరువాతి కాలమున ఈజిప్టు తొలి స్వదేశీబ్యాంకును స్థాపించిన తలత్ హర్బ్ మొదలగువారు ముసుగును స్వజాతి గౌరవముగా చేపట్టి ఆ గ్రంథమును ఖండించిరి. వివాదము పురుషులదైనది, స్త్రీ దానికి విషయమైనది.

ఆ కాలమున స్త్రీలు మౌనముగా నుండిరా? 1892 నాటికే అలెగ్జాండ్రియానుండి హింద్ నౌఫల్ స్త్రీల పత్రికను వెలువరించెను. ఆనాటి స్త్రీలందరిలోను నాకు మిక్కిలి పూజనీయురాలు మలక్ హిఫ్నీ నాసిఫ్. ఉపాధ్యాయినిగా పనిచేసి, ఫయ్యూమ్ ప్రాంతపు బెడొవిన్ నాయకుని వివాహమాడి, ఆయనకు మునుపే యొక భార్య గలదని వివాహానంతరము తెలిసికొనిన ఆమె, ఆ వేదనను దాచుకొనక, సవతిపోరు స్త్రీ బ్రతుకును ఎట్లు కాల్చునో నిర్భయముగా వ్రాసెను. ముసుగు తీయుమను పురుషుని ఆజ్ఞకును, వేసికొనుమను పురుషుని ఆజ్ఞకును భేదము లేదనియు, ముందు చదువు చెప్పించి పిమ్మట ఆ నిర్ణయమును స్త్రీకే విడువవలెననియు ఆమె వాదసారము. 1911లో హేలియోపోలిస్ నగరమున జరిగిన ఈజిప్టు మహాసభకు ఆమె పంపిన కోరికలను, ఆమె పరోక్షమున, ఒక పురుషుడు చదివెను: బాలికల విద్య, స్త్రీలకు వైద్యశిక్షణ, బహుభార్యాత్వముపై నిర్బంధము. వానిని ఆ సభ అంగీకరింపలేదు. 1918లో, 32వ యేట, ఇన్‌ఫ్లూయెంజా ఆమెను బలిగొన్నది. ఆమె యీడుదే యగు నబవియ్య మూసా 1907లో, ప్రభుత్వపు ప్రతిబంధకములను త్రోసి, పురుషులతోపాటు మాధ్యమిక పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణురాలయ్యెను. మరియొక ఈజిప్టు బాలికకు ఆ అవకాశము 1920 దశకాంతమున గాని దొరకలేదు.

లోకము జ్ఞాపకముంచుకొనిన దృశ్యము వేరు. 1923లో, రోములో జరిగిన అంతర్జాతీయ స్త్రీ మహాసభనుండి మరలివచ్చుచు, ఈజిప్టు స్త్రీహక్కుల నాయకురాండ్రు హుదా షారావీయు సైజా నబరావీయు కైరో రైలుస్టేషనులో ముఖముపై ముసుగును తొలగించిరి. తొలగినది ముఖావరణమే, తలగుడ్డను హుదా విడువలేదు. 1919లో ఆంగ్లేయులకు ప్రతికూలముగా ముసుగులతోనే వీథులకెక్కిన స్త్రీల ఊరేగింపును నడపిన వారిలో ఆమె ముఖ్యురాలు. ఆమె స్థాపించిన సంఘము పోరాడినది బాలికల ఉన్నతపాఠశాలలకును, కనీస వివాహవయస్సుకును, ఓటుహక్కునకును. ఆ ఓటుహక్కు సిద్ధించిన 1956 నాటికి ఆమె గతించి తొమ్మిదేండ్లయినది.

పిమ్మట ప్రభుత్వములే వస్త్రములపై చేయిచేసికొన్నవి. 1936 జనవరిలో ఇరాను రాజు రెజా షా ముసుగును నిషేధింపగా, రక్షకభటులు వీథులలో స్త్రీల శిరోవస్త్రములను లాగివేసిరి. పెక్కుమంది వృద్ధురాండ్రు ఇల్లు కదలుటయే మానివేసిరి. 1958 మే నెలలో, ఫ్రెంచి సేనానులు అల్జీర్సు నగరమున అల్జీరియా స్త్రీల ముసుగులను బహిరంగసభలో తొలగింపించి, దానిని ఫ్రాన్సుపై ప్రేమగా చాటిరి. మరుసటియేట, అల్జీరియా స్వాతంత్ర్యపక్షమున నిలిచిన రచయిత ఫ్రాంట్జ్ ఫానన్, ఆ దౌర్జన్యము వలననే ముసుగు ప్రతిఘటన చిహ్నమైనదని వ్రాసెను.

ఆ నిరసనభావమే 1970 దశకమున ఇరానునందు మరల కనబడెను. రెజా షా కుమారుని పాలన నెదిరించుచు చదువుకొనిన స్త్రీలు సయితము చాదరు ధరించి వీథులకెక్కిరి. విప్లవము జయించిన కొలది వారములకే శిరస్సు కప్పుకొనుడను ఆదేశము వెలువడగా, 1979 మార్చి 8న, అంతర్జాతీయ మహిళాదినమున, వేలకొలది స్త్రీలు టెహరానులో ఊరేగిరి. వారిని పాశ్చాత్యుల పనుపున వచ్చినవారని నిందించి మూకలు కొట్టినవి. ప్రభుత్వము అప్పటికి వెనుకకు తగ్గి, అది ఉపదేశమే గాని నిర్బంధము గాదని ప్రకటించెను. 1983లో అదియే 74 కొరడాదెబ్బల శిక్షతో చట్టమైనది.