జంట కార్డుల కాలం ఎందుకు ముగిసింది

2016 మే 27న ఎన్విడియా వారి జీఫోర్స్ జీటీఎక్స్ 1080 అమ్మకానికి వచ్చింది. అప్పటికే రెండేసి జీటీఎక్స్ 970 కార్డులు బిగించుకుని ఉన్న గేమర్లకు అదొక లెక్కను ముందు పెట్టింది. రెండు 970లలో కలిపి 3,328 కోర్లు, 1080లో 2,560 మాత్రమే. పైకి చూస్తే జంటదే పైచేయి. కానీ 970 బూస్ట్ వేగం 1,178 మెగాహెర్ట్జ్ అయితే 1080ది 1,733. కోర్ల సంఖ్యను వేగంతో గుణించి చూస్తే కొత్త కార్డే దాదాపు 13 శాతం ముందుంటుంది. పాత జంట రవ్వంత కూడా వృథా లేకుండా పనిచేస్తుందని ఒప్పుకున్నా సరే, ఫలితం ఇదే. కరెంటు 290 వాట్ల నుంచి 180కి దిగుతుంది, మెమరీ 4 జీబీ నుంచి 8 జీబీకి పెరుగుతుంది. జంటలో ఒక్కో కార్డు తన పనికి కావలసిన సరంజామా అంతా తన దగ్గరే పెట్టుకోవాలి కాబట్టి నాలుగూ నాలుగూ ఎనిమిది కావు. ఆ ఏడాది ఎంతోమంది రెండు కార్డులు తీసేసి ఒక్కటి పెట్టుకున్నారు. జంట కార్డుల పద్ధతిని కంపెనీలే లాభం కోసం చంపేశాయని అప్పటినుంచీ ఒక మాట ప్రచారంలో ఉంది. అందులో కొంత నిజముంది. అయితే అసలు కారణం అది కాదు. తెర మీద బొమ్మ గీసే పద్ధతే మారిపోయింది. ఇద్దరికి పంచిపెట్టడానికి వీలున్న పని ఏటికేడాది తరిగిపోయింది.

మొదట్లో ఆ పని ఎంత తేలిగ్గా పంచుకోవచ్చో తెలియాలంటే 1998కి వెళ్లాలి. కాలిఫోర్నియాలోని త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ ఆ ఏడాది వూడూ2 కార్డును తెచ్చింది. రెండు వూడూ2లను చిన్న కేబుల్‌తో కలిపితే తెర మీది గీతల్లో బేసివి ఒకటి, సరివి ఇంకొకటి గీసేవి. మడిలో ఒక సాలు ఒకరు, పక్క సాలు మరొకరు నాటుకుంటూ పోయినట్టు సాగేది ఆ పని. ఒక్క కార్డు 800×600 దగ్గర ఆగిపోతే జంట 1024×768 దాకా వెళ్లింది. అంత శుభ్రంగా కుదరడానికి కారణం ఆనాటి బొమ్మ స్వభావమే. త్రిభుజాలను లెక్కగట్టే పని ప్రాసెసర్‌ది. కార్డు చేసేదల్లా ఆ త్రిభుజాల మీద టెక్స్చర్ అతికించి, ఏది ముందు ఏది వెనక అని చూసుకుని రంగు వేయడం. ఒక చుక్కకు రంగు వేయడానికి పక్క చుక్క రంగు తెలియనక్కర్లేదు. అందుకే గీతకు గీత స్వతంత్రం. ఇంత చక్కని ఏర్పాటు కూడా నిలిచింది ఏడాదే. 1999లో అదే కంపెనీ తెచ్చిన వూడూ3 ఒక్కటే ఇంచుమించు ఆ జంటకు సాటి వచ్చింది. పైగా వూడూ2కి మామూలు తెర కోసం వేరే కార్డు కావాలి, వూడూ3కి అక్కర్లేదు. మూడు స్లాట్లలో జరిగే పని ఒక్క స్లాట్లోకి వచ్చింది. జంట నుంచి ఒంటి కార్డుకు మారడం 2016లో పుట్టిన కొత్త వింత కాదు, ఈ చరిత్ర మొదటి అధ్యాయంలోనే అది జరిగింది.

త్రిభుజాల లెక్కలు కార్డు లోపలికి వచ్చాక, 1999 చివర్లో వచ్చిన జీఫోర్స్ 256 తర్వాత, తెరను చీల్చి పంచడం గిట్టుబాటు కాకుండా పోయింది. తెరలో సగమే గీసే కార్డు కూడా సన్నివేశంలోని త్రిభుజాల లెక్కను చాలావరకు తానూ చేయవలసిందే. కాంతి పరచుకోవడం, దూరంలోనివి మసకబారడం వంటి హంగులకు పక్క చుక్కల రంగులూ కావాలి. అందుకే 2004లో ఎన్విడియా జీఫోర్స్ 6 కార్డులతో జంట పద్ధతిని ఎస్‌ఎల్‌ఐ పేరుతో తిరిగి తెచ్చినప్పుడు, మరుసటేడు ఏటీఐ క్రాస్‌ఫైర్‌తో వచ్చినప్పుడు, ఎక్కువగా వాడుకలోకి వచ్చింది వేరే పంపకం: ఒక ఫ్రేము నువ్వు, తర్వాతి ఫ్రేము నేను. గీత స్వతంత్రం కాకపోయినా ఫ్రేము ఇంకా స్వతంత్రమే కదా అన్న ధీమా అది. ఆ ధీమా పదేళ్లు నడిపించింది. చిప్పుల తయారీ కూడా అందుకు కలిసివచ్చింది. 2012 మొదలు 2015 దాకా పెద్ద కార్డులన్నీ 28 నానోమీటర్ల పద్ధతిలోనే తయారయ్యాయి. చిప్పును కుదించే దారి మూసుకుపోయినప్పుడు ఇంకా వేగం కావాలనుకునేవాడికి రెండో కార్డు కొనడమే మిగిలింది. 2016లో 16 నానోమీటర్ల తయారీ అందేసరికి ఆ అవసరం ఒక్కసారిగా సడలింది. 970లో వాడిన చిప్పు వైశాల్యం 398 చదరపు మిల్లీమీటర్లు, 1080 చిప్పుది 314. అలాంటి రెండు పెద్ద చిప్పుల పనిని అంతకంటే చిన్నదొకటి మోసింది.

ఈలోగా ఇంకో లోపం బయటపడింది. సెకనుకు సగటున 60 ఫ్రేములు అన్న అంకె చూసి జంటలను మెచ్చుకోవడం అప్పటి ఆనవాయితీ. రెండు కార్డులు వంతులవారీగా గీసేటప్పుడు ఒక ఫ్రేము 5 మిల్లీసెకన్లకు, తర్వాతిది 28 మిల్లీసెకన్లకు వచ్చినా సగటు 60 దగ్గరే ఉంటుంది. కంటికి మాత్రం ఆ 28 మిల్లీసెకన్ల ఆలస్యమే తగులుతుంది, అంటే సెకనుకు 36 ఫ్రేముల అనుభవం. 2011 సెప్టెంబరులో ది టెక్ రిపోర్ట్ వెబ్‌సైటు సంపాదకుడు స్కాట్ వాసన్ సగటును పక్కనపెట్టి ఒక్కో ఫ్రేముకు పట్టిన కాలాన్ని కొలిచి చూపాడు. 2013లో తెరకు చేరిన ఫ్రేములనే రికార్డు చేసి కొలిచే పద్ధతి వచ్చాక, క్రాస్‌ఫైర్ జంటలు లెక్కలో చూపిన ఫ్రేములలో కొన్ని తెర మీద సన్నటి చీలికలుగా మాత్రమే కనిపించాయని తేలింది. ఆ ఆగస్టులోనే, ఏటీఐని అప్పటికే సొంతం చేసుకున్న ఏఎండీ దిద్దుబాటు డ్రైవర్ విడుదల చేసింది. ఈ రంగంలో జరిగిన అతి మంచి పరిశోధనల్లో ఈ ఫ్రేము కాలాల కొలత ఒకటి. కొలత మారితే వస్తువు విలువే మారిపోతుందని కొనేవాళ్లకు తెలిసివచ్చింది.

డ్రైవర్లు ఆ కుదుపును చాలావరకు సరిచేశాయి. సరిచేయలేనిది ఆ తర్వాత వచ్చింది. అంచులు మెరమెరలాడకుండా చేయడానికి గేములు క్రితం ఫ్రేములోని రంగులను తెచ్చి ప్రస్తుత ఫ్రేములో కలపడం మొదలుపెట్టాయి. ఎపిక్ గేమ్స్‌కు చెందిన బ్రయన్ కారిస్ 2014లో సిగ్రాఫ్ సభలో అన్‌రియల్ ఇంజిన్ 4 కోసం ఈ పద్ధతిని వివరించాడు. తర్వాతి పెద్ద గేములలో అది దాదాపు తప్పనిసరైంది. దీంతో ఫ్రేము స్వతంత్రం అన్న ఆధారమే కూలింది. తన వంతు ఫ్రేము గీయాలంటే రెండో కార్డు మొదటి కార్డు గీసిన ఫ్రేము కోసం ఎదురుచూడాలి, దాన్ని తన మెమరీలోకి తెచ్చుకోవాలి. 1080 తన సొంత మెమరీతో సెకనుకు 320 గిగాబైట్ల వేగంతో మాట్లాడుతుంది. మదర్‌బోర్డు మీది పూర్తి స్లాటు ఇచ్చేది ఒక దిశలో సుమారు 16, జంట పెట్టినప్పుడు చాలా బోర్డుల్లో అందులో సగమే. ఎదురుచూపుకు పోయే కాలం రెండో కార్డు మిగిల్చే కాలాన్ని తినేస్తే ఇక జంట ఎందుకు?

కంపెనీలదే తప్పనేవారు చూపే సాక్ష్యాలు బలమైనవే. 2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060లో ఎస్‌ఎల్‌ఐ కనెక్టరే లేదు. మధ్యశ్రేణి కార్డులు రెండు కొని పెద్ద కార్డును మించిపోయే దారి అలా మూసుకుపోయింది. అందులో వ్యాపార ప్రయోజనం లేదని నేను అనను. కానీ ఆ ముందటేడే డైరెక్ట్‌ఎక్స్ 12 జంటను నడిపే అధికారాన్ని డ్రైవర్ నుంచి తీసి గేము రాసేవారి చేతిలో పెట్టింది. యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అనే గేములో ఒక ఏఎండీ కార్డు, ఒక ఎన్విడియా కార్డు పక్కపక్కన పనిచేశాయి. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని ఆ దారిలో నడిచిన గేములు మాత్రం కొన్నే. 2018లో ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి కార్డులను కలిపే పాత ఎస్‌ఎల్‌ఐ బ్రిడ్జి కంటే ఎన్నో రెట్లు వేగమైన ఎన్‌వీలింక్ అనే లంకె ఇచ్చినా గేములు వెనక్కి రాలేదు. కంపెనీ మూయడమే కారణమైతే, తెరిచి ఉన్న ఈ తలుపుల గుండా ఎందుకు అంత తక్కువమంది నడిచారో చెప్పాలి. మరి కృత్రిమ మేధ కోసం వేలాది కార్డులను కలిపి నడుపుతున్నారు కదా అంటే, అక్కడ పదహారు మిల్లీసెకన్లకొకసారి ఎవరి కంటికీ బొమ్మ అందించనక్కర్లేదు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో సినిమా దృశ్యాలు గీసేవారికి నేటికీ రెండో కార్డు నిజంగానే పనికొస్తుంది. కారణం అదే, అక్కడ పని ఇంకా ముక్కలవుతుంది.

2021 జనవరి 1 నుంచి ఆర్‌టీఎక్స్ 20, అంతకు ముందటి కార్డులకు గేములకు జంటను కుదిర్చే కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వబోమని ఎన్విడియా 2020లో ప్రకటించింది. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో ఎన్‌వీలింక్ కూడా లేదు. కాబట్టి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లోనో మరోచోటో పాత కార్డుకు చవకగా జోడీ దొరుకుతోందని ఎవరైనా చెబితే, కొత్త గేముల కోసమైతే ఆ డబ్బు పెట్టకండి, ఎక్కువ మెమరీ ఉన్న ఒక్క కార్డు కొనుక్కోండి. అటకమీద వూడూ2 జంట ఉంటే మాత్రం దాన్ని తుక్కుకు వేయకండి. ఆనాటి గేములను ఆనాటి రూపంలో చూపగలిగే యంత్రాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి.