నటుడు మారినా నిలిచిన పాత్ర: జేమ్స్ బాండ్ చిత్రాల చరిత్ర

ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో ప్రచురించిన 'కేసినో రాయల్' నవలతో పుట్టిన బ్రిటిష్ గూఢచారి జేమ్స్ బాండ్, 1962లో విడుదలైన 'డాక్టర్ నో' చిత్రంతో వెండితెరకెక్కాడు. ఆల్బర్ట్ బ్రాకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ నిర్మించిన తొలి ఐదు చిత్రాల్లోనూ స్కాట్లండ్ నటుడు షాన్ కానరీయే కథానాయకుడు కావడంతో, ప్రేక్షకుల మనసులో పాత్రకూ నటుడికీ తేడా చెరిగిపోయింది. అందుచేత 1967లో 'యు ఓన్లీ లివ్ ట్వైస్' తరువాత కానరీ తప్పుకున్నప్పుడు, నటుడు వెళ్ళిపోయినా పాత్ర బతుకుతుందని నిరూపించవలసిన భారం నిర్మాతలపై పడింది.

వారు ఎంచుకున్న జార్జ్ లాజెన్‌బీ ప్రకటనల్లో కనిపించే ఆస్ట్రేలియా మోడల్. చలనచిత్ర నటనలో అనుభవం లేనివాడు. 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో అతనికి పాత జ్ఞాపకాలనే ఆసరాగా ఇచ్చారు. పేర్లు పడే ఘట్టంలో వెనుకటి చిత్రాల దృశ్యాలు కదిలాయి. ఉద్యోగానికి రాజీనామా చేయబోయిన బాండ్ బల్ల సొరుగులోంచి 'డాక్టర్ నో' నాటి కత్తిని, 'థండర్‌బాల్' నాటి శ్వాస పరికరాన్ని తీసి చూస్తుండగా ఆయా చిత్రాల సంగీతం వినిపించింది. తరువాతి కాలంలో విమర్శకుల మన్నన పొందినప్పటికీ లాజెన్‌బీకి అదొక్కటే బాండ్ చిత్రమైంది; 1971లో కానరీనే తిరిగి రప్పించారు.

1973లో 'లివ్ అండ్ లెట్ డై'తో రోజర్ మూర్ వచ్చినప్పుడు నిర్మాతలు లాజెన్‌బీ విషయంలో చేసినదానికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టారు. బాండ్‌కు ఆనవాలుగా మారిన వోడ్కా మార్టినీకి బదులు అతనిచేత బర్బన్ తాగించారు, సిగరెట్టుకు బదులు చుట్ట పట్టించారు. తుపాకీ గొట్టం లోపలినుంచి చూస్తున్నట్టుగా చిత్రారంభంలో వచ్చే దృశ్యంలో అతని తలపై టోపీ తీసివేశారు. పోలికకు తావివ్వని ఈ పద్ధతి ఫలించి, మూర్ 1985 వరకు ఏడు చిత్రాల్లో నటించాడు.

ఆ తరువాత 1987లో టిమతీ డాల్టన్, న్యాయ వివాదాల కారణంగా ఆరేళ్ళ విరామం గడిచాక 1995లో పియర్స్ బ్రాస్నన్, 2006లో డేనియల్ క్రెయిగ్ ఈ పాత్రను స్వీకరించారు. క్రెయిగ్ జుట్టు రంగుపై చిత్రీకరణకు ముందే అభ్యంతరాలు చెలరేగగా, బాండ్‌కు 00 హోదా, అంటే విధి నిర్వహణలో చంపే అధికారం, దక్కిన నాటినుంచి కథను కొత్తగా మొదలుపెట్టడం ఆయనకు బలమైంది. అయినా గూఢచార శాఖాధిపతి 'ఎం'గా బ్రాస్నన్ కాలంలో నటించిన జూడీ డెంచ్‌నే కొనసాగించారు.

ఈ చరిత్రలో కథానాయకులకు దక్కినంత కీర్తి సహాయ నటులకు దక్కలేదు. లోయిస్ మాక్స్‌వెల్ 1962 నుంచి 1985 వరకు ఎం కార్యదర్శి మనీపెన్నీగా 14 చిత్రాల్లోనూ, డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 వరకు ఆయుధాలు సమకూర్చే అధికారి 'క్యూ'గా 17 చిత్రాల్లోనూ నటించారు. లెవెలిన్ ఒక్కరే ఐదుగురు బాండ్‌ల సరసన కనిపించారు. తెలిసిన ముఖాలు చుట్టూ ఉండి పలకరించడం వల్లనే ప్రతి కొత్త ముఖాన్నీ ప్రేక్షకులు బాండ్‌గా అంగీకరించగలిగారు కనుక, ఈ చిత్రాల దీర్ఘాయువులో వీరికి న్యాయంగా పెద్ద వాటాయే చెందుతుంది.